పది గంటల టిక్కు

బత్తలపల్లె దారిలో, మంచం పట్టిన ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో శని, ఆదివారాలు పద్నాలుగేసి గంటలు నర్సు వనజాక్షి ఒక్కతే. పద్దెనిమిది మందిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. తిప్పినప్పుడల్లా కాగితం మీద టిక్కు పెట్టాలి. చున్నీ నడుముకు బిగించి, నొప్పి పెట్టే మోకాలిని మంచం పట్టెకు ఆనించి, "ఏమప్పా, రోంత ఈ పక్కకి" అంటూ చెయ్యి వేస్తుంది. ఈ పని మానేద్దామా వద్దా అని వారం రోజులుగా మల్లగుల్లాలు పడుతోంది. ఒక పక్క తన నడుము, ఒక పక్క వాళ్ల వీపులు.

ఈ ఆదివారం పొద్దున చూస్తే, ధర్మవరంలో మగ్గం నేసిన వెంకటేశులు కాగితం మీద సాయంత్రం దాకా టిక్కులు ముందే పడి ఉన్నాయి. చొక్కా ఎత్తితే ముసలాయన నడుము ఎర్రగా కమిలి ఉంది. మేనేజర్ ఉదయ్ కుమార్ నవ్వాడు. "ఆదివారం చూసేకి వీళ్ల ఇంటోళ్లొస్తారు కదక్కా, కాగితం నిండుగా ఉండాలని నేనే పెట్టినా. కష్టమైతే శని, ఆదివారాలు మానుకో." వనజాక్షి పెన్ను తీసి టిక్కులన్నీ అడ్డంగా కొట్టేసింది. "నేను మానుకుంటే నీ టిక్కులే మిగుల్తాయి సార్. మానుకోను. ఇంకో మనిషిని పెట్టు, ఇది ఒక్కరితో అయ్యే పని కాదు."

"వచ్చే వారం చూద్దాంలే."

"అంతవరకూ ఆ వీపు ఆగుతాదా? పది గంటలయింది. ఆ పక్క పట్టుకో సార్."

అతను వాకిలి వైపు చూశాడు. ఆమె చెయ్యి అప్పటికే ముసలాయన భుజం కింద ఉంది. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి ఉదయ్ కుమార్ వంగాడు. ఇద్దరూ కలిసి ముసలాయన్ని పక్కకు తిప్పారు. అప్పుడు పెట్టింది వనజాక్షి, పది గంటల టిక్కు.