ఊరి మోటార్లు బాగుచేసేవాడి ఇంటి మోటారు

పంతొమ్మిదో ఏట, అరవై అడుగుల బావిలో జారిపడ్డ మోటారును మూడు రోజులు తంటాలుపడి పైకి లాగి, నాలుగో రోజు దానిచేతే నీళ్ళు తోడించినవాడు మోటారు మావయ్య. చదివింది ఐదో తరగతి. అయితేనేం? బడి మోటారు, ఆస్పత్రి మోటారు, ఇంజనీర్లు చేతులెత్తేసిన ఐసు ఫ్యాక్టరీ మోటారు, అన్నీ ఆయన మాట విన్నవే. నలభై ఏళ్ళుగా చప్పుడు విని రోగం చెప్పగల చెవి ఆయనది.

అంతటివాణ్ణి సొంత పెరట్లో మోటారు మూడు రోజులుగా ఏడిపిస్తోంది. నీళ్ళు పోసి స్విచ్చి వేస్తే రెండు నిమిషాలు ధార, ఆపైన బుసబుసమని గాలి. బావిలో నీళ్ళకు కొదవలేదు. బావిలో పైపు చివరనుండే ఫుట్‌వాల్వు పైకి లాగి చూశాడు, శుభ్రంగా ఉంది. సీలు మార్చాడు. కెపాసిటర్ మార్చాడు. పానా విసిరికొట్టి, మళ్ళీ తనే వెళ్ళి వెతికి తెచ్చుకున్నాడు.

నాలుగింటి బస్సుకు పొరుగూరు వెళ్ళాలి, రెండు వారాల పని. మోకాళ్ళ నొప్పులతో వీధి చివరి నుంచి బిందెలు మోస్తున్న భార్యను అలా వదిలేసి ఎలా కదులుతాడు?

"ఏవండీ, పోనీ ఎవరైనా మంచి మెకానిక్కును పిలవనా?" అంది ఆవిడ, బిందె దించుతూ.

"పుండు మీద కారం చల్లకే! ఎక్కడో గాలి లాగుతోంది. ఎక్కడో దొరికి చావట్లేదు."

"గ్యాసు బండకు సబ్బు నురగ రాసి చూస్తాం కదా. దీనికీ రాద్దామా?"

"నలభై ఏళ్ళ నా సర్వీసులో..." అని ఆయన మొదలెట్టేలోగానే, గిన్నెలు తోమే సబ్బు కలిపి ఆవిడ పైపు పొడుగునా నురగ పూసేసింది. మోటారు వేశారు. ఒక్కచోట నురగ గుటుక్కున లోపలికి పోయింది.

సరిగ్గా ఆయన బోర్డు కింద. "ఎటువంటి మోటారైనా బాగుచేయబడును." మొన్న ఆదివారమే, గోడ పెళ్ళలూడుతోందని, ఆ బోర్డును పైపుకే స్క్రూ దిగ్గొట్టి నిలబెట్టింది మావయ్యే.

ఆవిడ నవ్వలేదు. అదే ఆయన ఒళ్ళు మరీ మండించింది.

మూరెడు పైపు కోసి కొత్తది అతికించాడు. మూడున్నరకు ట్యాంకు పొంగింది. సంచీ భుజానేసుకుని, "బోర్డు నేనొచ్చాక పెడతా, నువ్వు ముట్టుకోకు" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆవిడ ముట్టుకుంది. వెనక్కి తిప్పి, సుద్దముక్కతో రాసి గేటుకు ఆనించింది: "మావయ్య ఊళ్ళో లేరు. ఇరవై రెండో తారీఖున వస్తారు."