పత్తి గోదాములో తిరిగిన పాట

మైకుసెట్టు ఏసన్న అంటే ఆదోనిలో మా వీధి వాళ్ళకు వేళాకోళమే. ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచి నడిచేవాడు. పలకరిస్తే ఉలిక్కిపడేవాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, చర్చి వెనక పత్తి గోదాము ఖాళీగా ఉంది. అందులో ఒక మాట పలికితే గోడల వెంట తిరిగి తిరిగి, మెత్తబడి వచ్చేది. ఏసన్న మైమరచిపోయాడు. లోపల ఒక లౌడుస్పీకరు, దానికి దూరంగా ఒక మైకు పెట్టాడు. బయట పాడేవాళ్ళ గొంతు లోపలికి పోయి, ఆ మోగుడంతా కలుపుకొని తిరిగి వస్తుంది. ఆయన ముందు మోత పెంచి తగ్గించే రెండు మరలు. ఒకటి నేరుగా వచ్చే గొంతుకు, ఇంకొకటి గోదాము చుట్టి వచ్చే గొంతుకు.

ఆ ఏడు చర్చి ముందు జరిగే కోతల పండుగకు ఏసన్న చెల్లెలు మేరి పాడాలి. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము మింగి మింగి ఆమె గొంతు గరుకెక్కింది. పాడడమే మానేసి, దిగులుతో సగమైపోయింది. ఏసన్న ఎంతో బతిమాలితే ఒప్పుకుంది.

“నా గొంతంతా గోదాములోకే తోలన్నా. నేరుగా ఒక్క ముక్క రాగూడదు. ఈ గరుకు జనం ఇంటే నేను మళ్ళా నోరు తెరవను.”

“అట్లే సేస్తాలేమ్మా,” అన్నాడు ఏసన్న.

పొద్దు వాలుతుండగా మేరి పాడింది. ఏసన్న నేరుగా వచ్చే గొంతు పూర్తిగా కట్టేశాడు. గోదాములోంచి వచ్చిన పాట మా అందరికీ పలుచని దుప్పటి కప్పినట్టు పరుచుకుంది. ఏ మాట ఎక్కడ మొదలైందో తెలియలేదు. చనిపోయిన మా అక్క వచ్చి నా పక్కన కూర్చున్నట్టే అనిపించింది. నిజం చెప్పొద్దూ, అంత హాయి నేను మళ్ళీ ఎరగను.

ఏసన్న పక్కనే వాళ్ళమ్మ ఉచ్చీరమ్మ కూర్చుంది. చూపు పోయిన మనిషి. కాసేపు విని కొడుకు చెయ్యి తట్టింది.

“ఎవురో శానా బాగా పాడతాండారప్పా. మన మేరి ఎప్పుడు పాడతాది?”

చెల్లెలికిచ్చిన మాట తప్పితే ఆమె ఇక పాడదు. నిలబెట్టుకుంటే తల్లికి బిడ్డ పాట అందదు. ఏసన్న మర మీద చెయ్యి పెట్టి ఒక చరణమంతా అలాగే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా నేరు గొంతు తెరిచాడు. గోదాము మోతను తగ్గించి, వెనక కొంచెమే ఉండనిచ్చాడు.

గరుకు, ఆయాసం, అన్నీ బయటపడ్డాయి. మేరి తడబడి పాట ఆపి అన్న వైపు చూసింది. ఉచ్చీరమ్మ లేచి నిలబడింది.

“మా బిడ్డ,” అని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చెప్పసాగింది. “పాడతాండేది మా బిడ్డ.”

మేరి ఏడుస్తూనే మళ్ళీ అందుకుంది. పాట అయ్యాక అన్న దగ్గరికి వచ్చింది.

“మాట తప్పినావు.”

“తప్పినా.”

ఆమె పైట కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఇంకోటి పాడతా. ఆ మర అట్లే ఉండనీ.”