ఆగితే ఆగిపోయే బండి

అనురాధ మోటార్ సైకిల్ నేర్చుకున్నది కాలనీ రోడ్ల మీద. గండికోట జలాశయం నీళ్లలో ఊరు మునిగాక, కొండాపురం దగ్గర కట్టిన పునరావాస కాలనీ అది. వీధులు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి. తిరిగే బండ్లే తక్కువ. ఆమె భర్త ప్రతాప్ ఎండాకాలమంతా గొర్రెల మందతో దూరపు చేలల్లో ఉంటాడు. అతని పాత బండి గోనెపట్టా కప్పుకొని వాకిట్లో నిలబడి ఉండేది. ఒక వేసవిలో మందకు జబ్బు చేసింది. మందులు చేరవేసే మనిషి దొరకలేదు. అనురాధ గోనెపట్టా తీసింది.

పడింది, లేచింది, మోకాలు చీరుకుంది, చివరికి నేర్చుకుంది. కుచ్చిళ్లు బిగించి, గేర్ల బండి తోలుతున్న ఆడమనిషిని చూసి మొదట నవ్విన కాలనీవాళ్లే తర్వాత ఆసుపత్రికనీ, ఆధార్ పనికనీ ఆమె వెనక ఎక్కడం మొదలుపెట్టారు. కొండాపురం, ముద్దనూరు, జమ్మలమడుగు దాకా ఆమెకు భయం లేదు. ప్రొద్దుటూరులో మాత్రం ఎప్పుడూ తోలలేదు.

ఆ మాట ఆమె అత్త సంజీవమ్మతో చెప్పలేదు. సంజీవమ్మకు రెండు కళ్లలోనూ పొరలు కమ్మాయి. ఎదుట మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఆపరేషన్‌కు ముందు పరీక్షలు చేయాలి రమ్మని ప్రొద్దుటూరు కంటి డాక్టరు మే నెలలో పిలిచాడు. బస్సు అనగానే ముసలామె మొండికేసింది.

"బస్సెక్కితే కడుపులో తిప్పుతాది నాకు. నీ బండి మిందనే పోదాం మే. గాలన్నా తగుల్తాది."

తెల్లవారుజామున బయలుదేరాలనుకున్నారు. ఇంటి దగ్గరున్న గొర్రెపిల్ల ఒకటి పాలు తాగక పడుకుంటే, దాన్ని చూసుకునేసరికి పొద్దెక్కింది. జమ్మలమడుగులో గొలుసు వదులైందని, ఎరిగిన మెకానిక్ ముబారక్ దగ్గర ఆగారు. అతను గొలుసు బిగించి, ఇంజన్ మీది ఇనుప రెక్కలను గుడ్డతో తుడిచాడు.

"ఇది గాలితో సల్లబడే బండి అక్కా. ఎదురుగాలి ఈ రెక్కలకు తగుల్తాంటేనే దానికి ప్రాణం. ప్రొద్దుటూరులో జనాల మధ్య నిలబెట్టుకోని రేసు చెయ్యగాకు. నిలిచిపోతాది."

"మరి ముందర బండ్లు నిలబడితే నేనేం చేసేది?"

ముబారక్ నవ్వి, గుడ్డ భుజాన వేసుకొని ఇంకో బండి వైపు తిరిగాడు.

ప్రొద్దుటూరు చేరేసరికి రోడ్డు మీద గాలి లేదు, సెగ ఉంది. ప్రతాప్ నల్ల హెల్మెట్ ఆమె తలకు పెద్దది. లోపల చెమట కారి కళ్లలో పడుతోంది. శివాలయం సెంటర్ దగ్గర ఆటోలు, తోపుడుబండ్లు, స్కూటర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలిచిపోయాయి. కాళ్ల మధ్య ఇంజన్ పొయ్యిలా కాగుతోంది. సంజీవమ్మ ఆమె నడుము పట్టుకొని, "ఏంది మే, సంతనా?" అని అడిగింది. అనురాధ జవాబు చెప్పేలోపే బండి ఒకసారి దగ్గి ఆగిపోయింది.

కిక్ కొట్టింది. లేవలేదు. మళ్లీ కొట్టింది. వెనక హారన్లు మోగుతున్నాయి. పక్క ఆటో అతను తల బయట పెట్టి, "ప్లగ్గు పోయింది" అన్నాడు. గాజుల దుకాణం మెట్ల మీద నిలబడిన పెద్దాయన, "కాదప్పా, ట్యాంకు మూతకుండే గాలిబొక్క మూసుకోనుంటాది. మూత తియ్యి తల్లీ" అన్నాడు. ఆమె మూత తీసింది. ప్లగ్గు వైరు పీకి పెట్టింది. కిక్ కొడితే బండి లేచింది. మూత వల్ల లేచిందో, వైరు వల్ల లేచిందో, ఇంతసేపు ఆగి చల్లబడినందుకు లేచిందో ఆమెకు అర్థం కాలేదు. ఆటో అతను, "నేను చెప్పలా?" అన్నాడు. పెద్దాయన కూడా అదే మాట అన్నాడు.

గాంధీ రోడ్డులో మళ్లీ ఆగింది. మళ్లీ లేచింది. అప్పుడు అనురాధ ఒక నిర్ణయానికి వచ్చింది. నిలబెడితేనే కదా ఆగేది? నిలబెట్టదు.

ఎదుట బండ్లు ఆగినట్టు కనబడితే, పక్కన ఖాళీగా ఉన్న సందులోకి తిప్పింది. ఆ సందు చివర మళ్లీ బండ్లు. ఎడమకు తిప్పింది. బంగారు అంగళ్లు వచ్చాయి, బట్టల అంగళ్లు వచ్చాయి, ఇందాకటి గాజుల దుకాణం మళ్లీ వచ్చింది. మెట్ల మీద పెద్దాయన ఆమెను చూసి చెయ్యి ఊపాడు. కంటి ఆసుపత్రి బోర్డు ఒకసారి కనబడింది కూడా. దాని ముందు లారీ అడ్డంగా ఉంది. నిలబెట్టాల్సి వస్తుందని ఆమె దాటి పోయింది.

"ఊరు ఇంత పెద్దదయ్యిందా?" అంది వెనక నుంచి సంజీవమ్మ. "ఎంతసేపటికీ రాదేందే ఆసుపత్రి?"

"వస్తాది అత్తా."

ఇక్కడి నుంచి జరిగింది అనురాధకు గుర్తు లేదు. చెప్పేది సంజీవమ్మే.

హారన్లు తగ్గాయి. బండి వేగం అందుకుంది. ముసలామెకు ముఖానికి గాలి తగిలి ప్రాణం లేచొచ్చింది. వడగాలే అయినా గాలే కదా. రోడ్డు పక్కన ఏవో పచ్చటి మరకలు కదిలిపోతున్నాయి. చెట్లు కాబోలు. ఆసుపత్రి ఊరి బయట ఉందేమో అనుకుంది. చాలా దూరం పోయాక అడిగింది.

"యాడికి పోతాండాం మే?"

"యాడికేంది, ఊరికి."

"కాలనీకా? డాక్టరుకు చూపించుకోకుండానా?"

"కాలనీ ఏంది అత్తా? మన ఊరికి. దొడ్డికి తడిక ఏసి రాలేదు నేను. గొర్రెలన్నీ బయట పడింటాయి."

సంజీవమ్మ కోడలి నడుమును ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ దొడ్డీ, ఆ తడికా, ఆ ఊరూ నీళ్ల కింద ఉన్నాయి. కానీ తాను చూసిందా? తన కళ్లకు ఏమీ కనబడటం లేదు. ఎండాకాలం జలాశయంలో నీళ్లు తగ్గితే పాత గోడలు బయటపడతాయని కాలనీలో చెప్పుకుంటూ ఉంటారు. నీళ్లు దిగిపోయాయేమో. తనకు చెప్పకుండా తీసుకుపోయి చూపిద్దామని కోడలు పన్నాగం పన్నిందేమో. ఒక్క నిమిషం ఆమెకు సంతోషం కూడా కలిగింది. మతి పోయింది కోడలికా, తనకా అన్నది తేలలేదు.

పడకుండా ఉండేందుకు ఆమె చెంపను కోడలి వీపుకు ఆనించింది. ఇందాక ప్రొద్దుటూరులో ఆ రవిక చెమటతో పిండేటట్టు ఉంది. ఇప్పుడు పొడిగా ఉంది. పొడిగా, పెనంలా కాలుతోంది. ఎండన పడి గిరగిరా తిరిగి కూలిన గొర్రెలను తన చేతులతో ఎత్తిన మనిషి సంజీవమ్మ. కోడలికి ఎండదెబ్బ తగిలిందని ఆమెకు తెలిసిపోయింది.

"బండి నిలుపు!"

"నిలిపితే ఆగిపోతాది అత్తా."

"ఆగిపోనీ మే! నా కడుపులో తిప్పుతాంది. కక్కుతా నీ మింద. నిలుపు!"

అది అబద్ధం. కానీ పనిచేసింది. అనురాధ బండిని పక్కకు తీసింది. కాలు నేల మీద మోపబోయి మోపలేక, బండితో పాటు మెల్లగా ఒరిగింది. ముసలామె కూడా మట్టిలో కూలబడింది.

అది చాపాడుకు కాస్త ఇవతల. ఎదురుగా జమాల్ అనే అతని పంచర్ షాపు ఉంది. అతను పరుగెత్తుకొచ్చి హెల్మెట్ తీశాడు. అనురాధ కళ్లు తెరిచే ఉన్నాయి.

"అన్నా, పాతూరికి దావ ఇదే కదా?" అని అడిగింది.

"ఏ పాతూరు అక్కా? ఇది మైదుకూరు రోడ్డు."

"నీళ్లు, నీళ్లు పొయ్యప్పా దాని నెత్తిన!" అని సంజీవమ్మ అరిచింది. "అది మాట్లాడేది పట్టించుకోగాకు!"

షాపులో ఉన్నది ట్యూబులు ముంచి చూసే తొట్టి నీళ్లే. నల్లగా, అడుగున ఇసుకతో ఉన్నాయి. జమాల్ తొట్టిని అలాగే ఎత్తుకొచ్చి ఆమె తల మీద, మెడ మీద పోశాడు. సంజీవమ్మ తన కొంగు తడిపి విసురుతూ కూర్చుంది. తర్వాత జమాల్ ఒక ఆటోను ఆపి, ఇద్దరినీ చాపాడు ఆసుపత్రికి పంపించాడు. అక్కడ మంచం మీద సెలైన్ ఎక్కుతుండగా, సాయంత్రం వేళకు అనురాధ తన తల ఎందుకు తడిగా ఉందని అడిగింది. తర్వాత, "నీ కండ్లకేమన్నాడు అత్తా డాక్టరు?" అంది.

"నన్నెవరు చూసినారు మే? పడుకోనుండేది నువ్వు" అంది సంజీవమ్మ. నవ్వబోయి ఏడ్చింది.

జమాల్ బండి తెచ్చి ఆసుపత్రి ముందు పెట్టాడు. ఒక్క కిక్‌కే లేచిందనీ, తాను చాపాడు అంతా తిప్పి చూశాననీ, దానిలో ఏ లోపమూ లేదనీ చెప్పాడు.

ఆ తర్వాత సంజీవమ్మ బస్సులోనే, దారంతా వాంతులు చేసుకుంటూ ప్రొద్దుటూరు పోయి, ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు ముఖాలు గుర్తుపడుతుంది. ముబారక్ బండి ఇంజన్ విప్పి, ప్లగ్గు మార్చి, అయినా ఎందుకు ఆగిందో కచ్చితంగా చెప్పలేనన్నాడు. కాలనీ రోడ్ల మీద అది ఎప్పుడూ ఆగదు.

అనురాధను తికమక పెట్టేది బండి కాదు. చాపాడు రోడ్డు ఆమెకు ఎంత ప్రయత్నించినా గుర్తు రాదు. గుర్తున్నది వేరే రోడ్డు. కంపచెట్ల మధ్య వంకరగా దిగే మట్టిదారి, దాని మీద గొర్రెల గిట్టల ముద్రలు, కుడివైపు దొడ్డి. దాన్ని ఆ రోజు తాను కళ్లారా చూశాననే అంటుంది. ఎండదెబ్బ అది, కల లాంటిదని డాక్టరు చెప్పాడు. ఆమె సరేనంది. ఒప్పుకున్నట్టు లేదు.

వానలు పడ్డాక ప్రతాప్ మందతో తిరిగొచ్చాడు. సంగతంతా విని, బండి చుట్టూ తిరిగి చూసి, "అమ్మేద్దామా దీన్ని?" అని అడిగాడు.

"వద్దు."

"ప్రొద్దుటూరులో ఆగి సంపినంత పని చేసిందంటివే!"

"అది ఆగిందా, నేను ఆగల్యాకపోయినానా అనేది నాకు ఇంకా తెలీలేదు" అంది అనురాధ.

ప్రతాప్‌కు ఏమీ అర్థం కాలేదు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ మళ్లీ ఆలోచనలో పడింది.