కొల్లేటి బురదలో ఆదివారం

మా అత్తగారు పోయారని సోమవారం పొద్దున్న ఏలూరు నుంచి మా మరిది మనిషిని పంపాడు. "నిన్న ఆరాధన నుంచి ఇంటికొచ్చాకే పోయారండి," అన్నాడతను. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఆరాధన ఎగ్గొట్టి పోయే మనిషి కాదావిడ.

మా ఆయన కొల్లేటికోటలో బడిపంతులు. మావగారు పోయాక ఆవిడ మూడేళ్లు మా దగ్గరే ఉన్నారు. అక్కడ మా క్రైస్తవులకి గుడి లేదు. ఆదివారం బడిలోనే పదిమందిమి కూడేవాళ్లం. ఆవిడకి ఏదీ నచ్చేది కాదు. చాప మురికి, పాట సాగతీత, కొడుకు ప్రసంగం మరీ పొట్టి. "మా ఏలూరు గుళ్లో గంట కొడితే వీధి వీధంతా కదిలేది," అనేవారు. నేను వంటింట్లో గిన్నెలు ఠంగుమని పడేసేదాన్ని.

ఒక వానాకాలం మా ఏడాది పిల్ల జ్వరంతో పోయింది. ఆ తర్వాత చాప మీద కూర్చునేదాన్ని గానీ ప్రార్థనకి నోరు విప్పేదాన్ని కాదు. ఆ ఒక్క విషయంలోనే ఆవిడ నన్నేమీ అనకుండా ఊరుకున్నారు.

ఈస్టరు వచ్చింది. ప్రభు సంస్కారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే పాదిరి అయ్యగారు మా ఊరికి రారు, ఏలూరు వెళ్లాల్సిందేనని ఆవిడ పట్టుబట్టారు. ఎండలకి నీళ్లు తగ్గాయి, వద్దండీ అంటే వింటేనా! తెల్లవారుతూనే నన్ను పడవెక్కించారు. సగం దారిలో పడవ బురదలో కూరుకుపోయింది. పడవవాడు గెడ వేసి ఎంత తోసినా కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది.

"ఈపాటికి గంట కొట్టేసుంటారు," అన్నారావిడ.

"అందుకే వద్దన్నానండీ!" అని అరిచాను.

ఆవిడ సంచిలోంచి బైబిలు తీశారు. "అయితే ఇక్కడే కానిద్దాం." పడవవాణ్ణి తలపాగా తియ్యమన్నారు.

"నాకెందుకండీ?"

"పడవలో ఉన్నావుగా. నీకూ కలిపే."

"కానివ్వండమ్మా, పడవెలాగూ కదల్దు," అని తలపాగా తీసేశాడు.

ఆవిడే పాడి, ఆవిడే చదివి, నా వైపు తిరిగారు. "ప్రార్థన నువ్వు చెయ్యి."

"నాకు రాదండీ."

"రాకపోతే తిట్టు. ఆయన వింటాడు."

తిట్టాను. బురదని, ఎండని, ఆ ప్రయాణాన్ని, ఎదురుగా ఉన్న ఆవిడని. చివరికి నా పిల్లని ఎందుకు తీసుకుపోయావని దేవుణ్ణే అడిగాను. అడిగి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "ఆమేన్," అని మాత్రం గట్టిగా అన్నారు.

దాంతో మారిపోయారనుకునేరు. మరుసటి ఆదివారమే మళ్లీ చాప మురికన్నారు. నాకూ మళ్లీ ఒళ్లు మండింది. కానీ ఆ రోజు ప్రార్థన నేనే చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను. అది ఆవిడ పెట్టిన భిక్షే.

ఆ పడవ ఎలా కదిలిందో కూడా చెప్పాలి. బైబిలు నా ఒళ్లో పడేసి, గుడికని కట్టుకున్న తెల్ల చీర మోకాళ్ల పైకి దోపి, ఆవిడ బురదలోకి దిగిపోయారు. "వద్దమ్మగారూ, వద్దమ్మగారూ," అంటున్నాడు పడవవాడు. రెండు చేతులూ పడవకి ఆన్చి, నడుం వంచి, తోశారు.