నిండని గుంట

రంగుల ఫ్యాక్టరీలో తొట్లు కడిగే ఆవిణ్ణి అందరూ నీళ్ళక్క అంటారు. ఆవిడ కడిగిన నీళ్ళన్నీ వెనక సిమెంటు గుంటలో చేరతాయి. గుంట నిండితే ట్యాంకర్ వచ్చి శుద్ధికి పట్టుకుపోతుంది. ఆ ట్యాంకర్ నడిపేది ఆవిడ మొగుడే. పెళ్ళాం కడుగుడు, మొగుడు మోత అని కాపలాదారు ఎగతాళి చేసేవాడు.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ పద్ధతి మార్చేసింది. ముందు తెలుపు, తర్వాత పసుపు, ఆ వెనక ఎరుపు, చివరికి నలుపు. లేత రంగు తర్వాత ముదురు రంగు కలుపుకుంటూ పోతే మధ్యలో తొట్టి కడగక్కర్లేదు. ఆఖర్న కడిగిన నీళ్ళు కూడా డ్రమ్ముల్లో దాచి మళ్ళీ నలుపులోనే కలుపుతారు. నీళ్ళక్కకి డ్రమ్ముల పని ఇచ్చారు. "మంచిదేనమ్మా," అంది నోటితో. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

ఆనాటి నుంచి ఆవిడ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఒక మూత బిగిస్తుంది, గుంట దగ్గరికి పరిగెడుతుంది. అడుగున తడి కూడా ఉండదు. తిరిగొస్తుంది, మళ్ళీ వెళుతుంది. బండి కదలకపోతే ట్యాంకర్ కంట్రాక్టరు డ్రైవర్ని ఊరికే కూర్చోబెట్టి మేపడు కదా! ఇంట్లో మొగుడు ఫోనుకేసి చూస్తూ గోళ్ళు కొరుక్కుంటుంటే ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, మంచినీళ్ళ పైపు లాక్కొచ్చి గుంటలో పడేసింది. బుద్ధి గడ్డి తిందని ఆవిడకీ తెలుసు. అయినా కుళాయి కట్టెయ్యలేదు.

సాయంత్రం మొగుడు హుషారుగా బండి దిగి, గుంటలోకి వంగి చూశాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పగుళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

"ఏమే, ఇవి కడిగిన నీళ్ళేనా?"

"నీ కోసమేనయ్యా. నిన్ను పనిలోంచి తీసేస్తారేమోనని..."

"పొద్దున కుళాయి దగ్గర బిందెడు మంచినీళ్ళ కోసం ఎవరితో పోట్లాడావు?"

నీళ్ళక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అలాంటి నీళ్ళు నేను మోసుకెళ్ళి పారబోయాలా?"

అరిచి ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి. అతను తిన్నగా మేనేజరమ్మ గదికి నడిచాడు. నీళ్ళక్క వెనకే పరిగెత్తింది.

"గుంటలో ఉన్నవి మంచినీళ్ళేనమ్మా. ఎవరో పైపు కట్టెయ్యడం మర్చిపోయారు. కడగడానికి తోడుకోండి. నా బండి ఇక ఇన్నిసార్లు రానక్కర్లేదు. కంట్రాక్టరుకి నేనే చెబుతాను."

తన కూడు తనే కాలదన్నుకున్నాడు, పెళ్ళాం పేరు మాత్రం రానివ్వలేదు. నీళ్ళక్కకి సిగ్గుతో ఏడుపొచ్చింది. ఖాళీ బండిలో అతని పక్కన కూర్చుంది.

"రేపట్నుంచి ఏం చేస్తావయ్యా?"

"తెలీదు. ముందు కాసిని మంచినీళ్ళియ్యి. నీ కోసం అబద్ధమాడి నోరెండిపోయింది."