తువ్వాలు కింద హాకీ కర్ర

మాది కాకినాడ. సీటు మీద తువ్వాలు పడితే ఆ సీటు రిజిస్ట్రేషన్ అయిపోయినట్టేనని నాకు ప్రొద్దుటూరు బస్టాండులోనే తెలిసింది. పులివెందుల బస్సు ఇంకా ఆగకముందే జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు లోపలికి విసిరేశారు. ఏమీ విసరని నేను నిలబడాల్సి వచ్చింది.

నేను నిలబడ్డ చోటి పక్క సీటు దగ్గరే పంచాయితీ మొదలైంది. తెల్లచొక్కా పెద్దాయన ఒక కాలేజీ అమ్మాయిని అడ్డు తప్పుకోమంటున్నాడు.

“తువ్వాల ఏసినా. కనపళ్యా?”

“ఎత్తి సూడు మామా.”

ఎత్తాడు. దాని కింద హాకీ కర్ర ఉంది. ముందు పడింది కర్రేనని బస్సంతా చూసింది.

“కర్రకు సీటేంది?”

“తువ్వాలకు ఉన్నప్పుడు కర్రకు ఎందుకుండదు?” అని ఆ పిల్ల కూర్చుంది.

“ఆడపిల్లవి, కర్ర పట్టుకోని యాడికి పోతాండావు?”

ఆమె ఫోను ఆయన వైపు తిప్పింది. విదేశంలో జరుగుతున్న మహిళల హాకీ టోర్నమెంటు అది. మన అమ్మాయిలు జపాన్‌తో ఆడుతున్నారు. “ఈడికి,” అంది, తెర మీద వేలు పెట్టి.

మా వైపైతే పెద్దవాళ్లకు మర్యాద అంటూ ఎవరో ఒకరు ఆ పిల్లను లేపేసేవాళ్లు. ఇక్కడ తువ్వాలుకున్న చట్టమే కర్రకూ.

ఊరు దాటాక పెద్దాయన కడ్డీ పట్టుకుని ఫోను వైపు వంగాడు.

“మనోళ్లు ఎవరు పాపా?”

“నీలం రంగోళ్లు.”

ఆయనకు కనిపించేలా ఫోను కాస్త ఎత్తి పట్టుకుంది. సీటు మాత్రం ఇవ్వలేదు.