ఆవిడ పళ్ళ ధర

ఆ ప్రయాణంలో నాకు పోయినవి మూడు: కిటికీ పక్క సీటు, తెల్ల రవికె, రెండు రోజుల అన్నహితవు.

అరవైల్లో, తెగులు తగిలి మిరప పోయిన ఏడాది. గుంటూరు నుంచి సత్తెనపల్లి బస్సులో వస్తున్నాను. పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ కిళ్ళీ నములుతూ నా నానుతాడును అరచేతిలో తూచింది.

"ఎన్ని కాసులమ్మాయ్?"

లెక్కలు సొంతంగా నేర్చుకున్నదాన్ని, తడుముకోలేదు. "మూడుంపావండీ."

"పంట పోయిన ఏడాది అంత బంగారం మెళ్ళో నిలుస్తదా? అసలుది తాకట్టు పెట్టి గిల్టుది ఏసుకున్నావేమో."

బస్సంతా ఇటు తిరిగింది. అందులో మా ఊరివాళ్ళూ ఉన్నారు. తాకట్టు మాట ఊళ్ళో పాకితే మాకు విత్తనాలు కూడా అరువివ్వరు. నేను నోరు తెరిచేలోగా ఆవిడ నా పుస్తెను పైకి లాగి, పళ్ళ మధ్య పెట్టి కొరికింది. ఎర్రటి ఉమ్మి నా రవికె మీదికి కారింది.

"బంగారమేలే," అంది మూతి తుడుచుకుంటూ.

"మీ పళ్ళు సొంతవేనా పిన్నిగారూ, కట్టించుకున్నారా? ఎంతయింది?" అన్నాను.

బస్సు ఘొల్లుమంది. ఆవిడ మొహం తిప్పుకుంది. నేను లేచి, మా ఊరు వచ్చేదాకా నిలబడే ఉన్నాను.

పుస్తెను కుంకుడు రసంతో ఎన్నిసార్లు కడిగినా ఆ అసహ్యం పోలేదు. పంటిగాటు ఇప్పటికీ తగులుతుంది. బరువు అడిగితే చెప్పాను. ఆవిడ నుంచి నాకు రావలసిన జవాబు మాత్రం ఇంకా ఒకటి బాకీ.